మీకు తెలుసా? ఒక్క గుహే ఆ గబ్బిలాల లోకం

తెలుగు ఎక్కువగా వినిపించే కర్ణాటకలోని కోలారు జిల్లాలో, హనుమనహళ్లి ఊరి కొండ గుహలో ఉండే ఒక చిన్న గబ్బిలం ఇప్పుడు ప్రపంచంలో ఇంకెక్కడా ఉన్నట్టు దాఖలా లేదు. పేరు కోలార్ ఆకుముక్కు గబ్బిలం. శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా 1994లో వర్ణించారు. మిగిలినవి 200 లోపే!

ముక్కు మీద ఆకులా మడత పడిన చర్మం ఉంటుంది. ముక్కుతోనే కూత పెట్టి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చీకట్లో పురుగుల్ని పట్టుకుంటుంది. ఆ కూత మన చెవికి అందదు. అందుకే పరిశోధకులు అతిధ్వని గ్రాహకాలతో రికార్డు చేసి, ఏ జాతి కూత ఏదో పోల్చుకుంటారు. గుహలోకి పదే పదే వెళ్లి వాటిని బెదరగొట్టకుండా ఉండే మంచి పద్ధతి ఇది.

ఈ గబ్బిలానికి ముప్పు గ్రానైట్ తవ్వకాలు. ఒక్క పేలుడుకే గుహ కూలిపోవచ్చు. గబ్బిలాలు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి కాబట్టి పోయిన సంఖ్య త్వరగా తిరిగిరాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. కర్ణాటక అటవీ శాఖ ఆ గుహ చుట్టూ దాదాపు 30 ఎకరాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.