బంగారు దారం గుడ్డలోంచి దూరదెందుకు?

పట్టుదారం చుట్టూ బంగారు పూత వేసిన సన్నని వెండి రేకును చుడితే బంగారు దారం అవుతుంది. దాన్ని సూదికి ఎక్కించి గుడ్డలోంచి పదేపదే లాగితే రేకు ఒరుసుకుని పాడవుతుంది. అందుకే దాన్ని గుడ్డ మీదే పరిచి, వేరే దారంతో అక్కడక్కడ పట్టి కుడతారు.

13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండ్ పనివాళ్లు ఇంకా ముందుకెళ్లారు. గట్టి నార దారాన్ని అడుగునుంచి పైకి తెచ్చి, బంగారు దారాన్ని చుట్టి, మళ్లీ అదే రంధ్రంలోంచి కిందికి లాగేవారు. ఆ లాగుడుకు బంగారు దారం కూడా పిసరంత మడతపడి వెనక్కి దిగేది. కట్టిన దారం పైకి కనిపించనే కనిపించదు! ఎంత నేర్పో చూడండి: ఒక్కో మడతా తలుపు బందులా వంగుతుంది కాబట్టి, అంత లోహం మోసే వస్త్రం కూడా బిగుసుకుపోకుండా జాలువారేది. చర్చి గురువులు వేసుకునే అలాంటి పైవస్త్రం, 'సయన్ కోప్', లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.