తాటితోపు చూడాలంటే తెల్లారకముందే వెళ్ళండి: నీరా, కల్లు, బెల్లం లెక్క

నాసిక్ వెళ్తే ద్రాక్షతోటలోనే వైన్ తయారీ చూపిస్తారు. మన బాపట్ల, రేపల్లె వైపు అలా చూడాల్సింది తాటితోపు, దాని మీద బతికే గీత కుటుంబం.

పొద్దు పొడవకముందే చెట్టు కింద ఉండాలి. ఎందుకంటే గెల గీస్తే కారే రసం మొదట తియ్యగానే ఉంటుంది. కుండలో, గాలిలో ఉన్న ఈస్ట్ అందులోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. అదే కల్లు. ఎండ ఎక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది, ఇంకా వదిలేస్తే వెనిగరే. కుండ లోపల సున్నం పూస్తే ఈస్ట్ పని బాగా నెమ్మదిస్తుంది. అలా దింపిన తియ్యటి రసం నీరా. కాబట్టి ముందు కుండ లోపల చూడండి.

నీరాను కాస్తే తాటిబెల్లం. కిలో బెల్లానికి సుమారు 8–10 లీటర్ల నీరా కావాలి. చెట్టెక్కే కష్టం, కట్టెల ఖర్చు కలుపుకోండి, మరీ చవగ్గా ఇస్తుంటే చక్కెర కలిపారేమో అనుమానించాలి.

మన జీవామృతంలోనూ ఇదే సూత్రం. 200 లీటర్ల నీళ్ళలో వేసే 2 కిలోల బెల్లం సూక్ష్మజీవులకు మేత. దానికి తాటిబెల్లం అక్కర్లేదండి, హైడ్రోస్ వేయని నల్లబెల్లం చాలు.

చివరగా ఒక మాట. టెంక నాటితే గీతకు రావడానికి పన్నెండేళ్ళు పైనే పడుతుంది. గట్టు మీద తాటిచెట్టును ఇటుక బట్టీకి అమ్మేముందు ఈ లెక్క వేసుకోండి. గీత ఎలా గీస్తారో వీడియోలో చూడండి.