ముసుగు తీస్తేనే చదువా?

మార్చి 15వ తేదీ మన ఇళ్ళలో పరీక్షల హడావుడి రోజు. తెల్లవారుజామున పిల్లల్ని లేపడం, కాఫీ కలిపి ఇవ్వడం, హాల్‌టికెట్టు పెట్టుకున్నావా అని నాలుగుసార్లు అడగడం. ఇంతకు మించి ఆ తేదీకి మన పంచాంగంలో విశేషమేమీ లేదు. కాని ఆడపిల్లల చదువు గురించి ఆలోచించేవారు ఆ తేదీని రెండు మారులు గుర్తుంచుకోవలసి ఉన్నది. 2004 మార్చి 15న ఫ్రాన్సు దేశంలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థులు తమ మతం తెలిసేటట్టు చిహ్నాలు గాని, దుస్తులు గాని ధరించరాదని దాని సారాంశం. మాటల్లో అన్ని మతాలూ ఉన్నా, ముస్లిం బాలికల తలముసుగు కోసమే ఆ చట్టం వచ్చిందని అందరికీ తెలుసు. సరిగ్గా 18 ఏళ్ళకు, 2022 మార్చి 15న, మన పొరుగున కర్ణాటక హైకోర్టు తరగతి గదిలో ముసుగు కూడదన్న ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇక్కడ మనం మాట్లాడుకొంటున్నది ఒళ్ళంతా కప్పే బురఖా గురించి కాదు. కళ్ళు తప్ప ముఖమంతా మూసే నికాబ్ గురించీ కాదు. జుట్టునూ, చెవులనూ, మెడనూ కప్పి ముఖాన్ని పూర్తిగా కనబడనిచ్చే గుడ్డ గురించి. దాన్నే హిజాబ్ అంటారు. పిల్ల ఎవరో గుర్తుపట్టడానికి గాని, పాఠం అప్పజెప్పించుకోవడానికి గాని అది అడ్డం రాదు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఉత్పలమాలకు గణవిభజన చేయమంటే తడుముకోకుండా చేసే విద్యార్థినుల్లో తలమీద ముసుగున్నవారూ ఉన్నారు, జడలో కనకాంబరాలున్నవారూ ఉన్నారు. భ-ర-న-భ-భ-ర-వలకు ఆ తేడా తెలియదు.

బడిలో ముసుగును నిషేధించడం ప్రభుత్వం చేయదగ్గ పని కాదని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

ఫ్రాన్సులో జరిగిన కథ

ఫ్రాన్సులో ప్రభుత్వ పాఠశాలకు మతంతో ప్రమేయం ఉండరాదన్న నియమం 1880 ప్రాంతాల నుంచి ఉన్నది. 1905లో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేస్తూ చట్టం చేశారు. దీనినే వారు ‘లాయిసిటే’ అంటారు. ఫ్రెంచివారు ప్రాణప్రదంగా చూసుకొనే మాట అది. మతాధికారుల గుప్పిటలోంచి బడిని విడిపించుకోవడానికి వారు పడిన పాట్లు తక్కువవి కావు. దాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ నియమం మొదట ఎవరిమీద పెట్టుకొన్నది? ప్రభుత్వం మీద, బడి మీద, పాఠం చెప్పే ఉపాధ్యాయుని మీద. గోడకు సిలువ తగిలించరాదు. పంతులు మతబోధ చేయరాదు. బాగానే ఉన్నది. బెంచీమీద కూర్చున్న పన్నెండేళ్ళ పిల్ల ప్రభుత్వం కాదు గదా!

1989లో పారిస్‌కు ఉత్తరాన ఉన్న క్రెయ్ పట్టణంలో ముగ్గురు బాలికలను ముసుగు తీయలేదని బడి నుంచి పంపివేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. విద్యామంత్రి లియొనెల్ జోస్పాఁ ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానాన్ని సలహా అడిగారు. 1989 నవంబరు 27న ఆ న్యాయస్థానం ఎంతో వివేకంతో జవాబిచ్చింది. మతచిహ్నం ధరించడమే లాయిసిటేకి విరుద్ధం కాదు. అయితే దానిని ఆర్భాటంగా చూపి ఇతరులమీద ఒత్తిడి తెచ్చినా, మతప్రచారం చేసినా, పాఠాలు ఎగ్గొట్టినా, బడి క్రమానికి భంగం కలిగించినా చర్య తీసుకోవచ్చు అని ఆ సలహా. అంటే గుడ్డను కాదు, నడతను చూడమన్నారు.

పదిహేనేళ్ళకు ఆ వివేకం పక్కకు పోయింది. 2003లో అధ్యక్షుడు జాక్ షిరాక్ బెర్నార్ స్తాసి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. డిసెంబరులో నివేదిక వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో దిగువసభ 494 వోట్లతో చట్టాన్ని ఆమోదించింది. కాదన్నవారు 36 మంది.

భాష చెప్పేవాణ్ణి గనుక నా దృష్టి ఒక మాట మీద పడింది. 1989 సలహాలో వాడిన మాటకు అర్థం ‘ఆర్భాటంగా’ అని. 2004 చట్టంలో దానికి దగ్గరగా ధ్వనించే మరో మాట పెట్టారు. దానికి అర్థం ‘తేటతెల్లంగా కనబడేటట్టు’ అని. వినడానికి రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. మొదటి మాట మనిషి ఉద్దేశాన్ని అడుగుతుంది. రెండోది కంటికి కనబడితే చాలంటుంది. మెడలో చిన్న సిలువ ఉంటే ఫరవాలేదు, చొక్కా కింద దాగుతుంది. తలముసుగు ఎక్కడ దాగుతుంది? సిక్కు బాలుని తలపాగా ఎక్కడ దాగుతుంది? చట్టం అందరికీ ఒకటే అన్నారు గాని, దాని బరువు అందరి తలలమీదా ఒకటిగా పడలేదు.

2004 సెప్టెంబరులో బడులు తెరిచేనాటికి మరో విపత్తు వచ్చింది. ఇరాక్‌లో ఇద్దరు ఫ్రెంచి పత్రికా విలేఖరులను దుండగులు ఎత్తుకుపోయి, ముసుగు చట్టాన్ని రద్దుచేస్తేనే విడుస్తామన్నారు. ఫ్రాన్సులోని ముస్లిం సంఘాలు ఏం చేశాయి? ఆ బెదిరింపును తీవ్రంగా ఖండించాయి. వారి ప్రతినిధులు బాగ్దాదుకు వెళ్ళి విలేఖరులను విడిచిపెట్టమని కోరారు. చట్టం నచ్చకపోయినా దేశం మాది అన్నారు. అట్టి సంఘానికి చెందిన బిడ్డలను గణతంత్రానికి ముప్పు తెచ్చేవారన్నట్టు చూడడం న్యాయమేనా?

ఆ ఏడు 47 మంది విద్యార్థులను బళ్ళ నుంచి తొలగించారు. అందులో 44 మంది ముస్లిం బాలికలు, ముగ్గురు సిక్కు బాలురు. దూరవిద్యకూ, ప్రైవేటు బళ్ళకూ తమంతట తామే వెళ్ళిపోయినవారు ఈ లెక్కలోకి రారు. ఇంకొక చిత్రం: ఈ చట్టం విశ్వవిద్యాలయాలకు వర్తించదు. పదిహేడో ఏట బడిలోంచి వెళ్ళగొట్టబడిన పిల్ల, పద్దెనిమిదో ఏట అదే ముసుగుతో అదే ప్రభుత్వపు విశ్వవిద్యాలయంలో కూర్చోవచ్చు. అక్కడిదాకా చదువు సాగితే!

సాగిందా అన్నదే ప్రశ్న. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ నిషేధం వల్ల ముస్లిం బాలికలు ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేయడం తగ్గిందని తేల్చారు. న్యాయంగా రెండో పక్షమూ చెప్పాలి. అంతకు ముందు 1994లో వచ్చిన ప్రభుత్వ సర్క్యులరును పరిశీలించిన మరి ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు, దానివల్ల ఆ బాలికల చదువు మెరుగైందన్నారు. యూరపు మానవహక్కుల న్యాయస్థానం 2008లో ఫ్రాన్సు పక్షాన నిలిచింది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం 2012లో ఒక సిక్కు విద్యార్థి కేసులో ఫ్రాన్సును తప్పుపట్టింది. పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అటువంటప్పుడు పిల్ల చదువును పణంగా పెట్టే అధికారం ప్రభుత్వానికి ఎవరిచ్చారు?

పైగా నిషేధం ఒకసారి మొదలైతే ముసుగుతో ఆగదు. 2023లో ఫ్రాన్సు ప్రభుత్వం ‘అబాయా’ అనే వదులైన పొడుగు గౌనును కూడా బడిలో కూడదన్నది. పొడుగు గౌను ఏ మతానిదో తేల్చడానికి పిల్ల పేరునూ, ఒంటి రంగునూ చూడక తప్పుతుందా?

మన పొరుగున

ఇక ఉడుపి సంగతి. 2021 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ బాలికల ప్రీయూనివర్సిటీ కాలేజీలో, అంటే మన ఇంటర్మీడియట్ కాలేజీ వంటి దానిలో, ఆరుగురు బాలికలను ముసుగుతో తరగతిలోకి రానివ్వలేదు. పోటీగా కాషాయ కండువాలు లేచాయి. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం, కాలేజీ సంఘాలు నిర్ణయించిన యూనిఫారమే ధరించాలని ఉత్తర్వు చేసింది. ఫిబ్రవరి 10న హైకోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చిన తరువాత, బడి గేటు దగ్గర నలుగురి ఎదుటా పిల్లలచేతా, పంతులమ్మలచేతా ముసుగు తీయించిన దృశ్యాలు దేశమంతా చూసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వు సరైనదన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా దానిని కొట్టివేయాలన్నారు. ముసుగు మతంలో తప్పనిసరి అవునా కాదా అన్న చర్చ ఇక్కడ అనవసరమనీ, ఆడపిల్ల చదువే తన మనసులో ముందున్న విషయమనీ ఆయన అన్నారు.

ధూలియా గారు ఆధారంగా చూపిన పాత తీర్పు ఒకటున్నది. అది మన తెలుగువారికి గర్వకారణం. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు తమ మతవిశ్వాసం కారణంగా జాతీయగీతం పాడలేదు. అందరితోపాటు మర్యాదగా లేచి నిలబడ్డారు. వారిని బడి నుంచి తీసివేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవలసిందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. జాతీయగీతం విషయంలోనే అంత ఓర్పు చూపగలిగిన దేశానికి రెండు మూరల గుడ్డ విషయంలో చూపడం కష్టమా?

యూనిఫారం మాటేమిటి?

యూనిఫారం మంచిదే. కలవారి పిల్ల పట్టులంగా కట్టి, లేనివారి పిల్ల చిరుగుల పరికిణీ కట్టి వస్తే చిన్నమనసులు నొచ్చుకుంటాయి. ఆ నొప్పి పోగొట్టడానికే యూనిఫారం. డబ్బు తేడా మరుగుపరచడం దాని పని. పుట్టిన ఇల్లు మరుగుపరచడం కాదు. యూనిఫారం రంగులోనే ముసుగు వేసుకొంటామని ఉడుపి పిల్లల తరఫున కోర్టులో చెప్పారు. కేంద్రీయ విద్యాలయాల్లో ఈ ఏర్పాటు ఉన్నదని కూడా న్యాయవాదులు చూపించారు. వైద్యకళాశాల ప్రవేశ పరీక్షకు ముసుగు కూడదన్నప్పుడు, 2015లోనూ, 2016లోనూ కేరళ హైకోర్టు తేలికైన ఉపాయం చెప్పింది: పిల్లలు అరగంట ముందు రావాలి, ఆడ అధికారి సోదా చేయాలి, తరువాత పరీక్ష రాసుకోవచ్చు. కాపీ భయం తీరింది, పిల్ల పరీక్షా ఆగలేదు.

మన కాలేజీల్లో కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప దీక్ష పట్టిన కుర్రవాళ్ళు నల్లబట్టలతో, మెడలో మాలతో, చెప్పులు లేకుండా వస్తారు. నలభయ్యొక్క రోజులు మేమంతా వారిని ‘స్వామీ’ అని పిలిచి పాఠం చెబుతాము. ఏ క్రమశిక్షణా కూలిపోలేదు. బొట్టు, గాజులు, పూలు, సిలువ గొలుసు, తలపాగా, అన్నీ మన బళ్ళలో ఉన్నవే. వీటన్నిటికీ చోటిచ్చిన తరగతి గదిలో ముసుగుకే చోటు చాలలేదనడం సమానత్వమనిపించుకోదు.

తండ్రి బలవంతమైతే?

ఇది అన్నిటికంటె గట్టి ఆక్షేపణ. పిల్ల తనంతట తాను వేసుకొంటున్నదా? తండ్రో అన్నో బలవంతం చేస్తున్నాడా? అటువంటి ఇళ్ళు లేవని నేననను. స్తాసి సంఘం ముందుకు ఆ బాధ చెప్పుకొన్నవారూ వచ్చారు. వారి మాట కొట్టివేయదగింది కాదు. కాని అందరి కథా అదే కాదు. 2003లో పారిస్ దగ్గర ఒబర్విలియేలో ముసుగు కారణంగా బడి నుంచి తొలగించబడిన అక్కచెల్లెళ్ళిద్దరి తండ్రి యూదు కుటుంబంలో పుట్టిన నాస్తికుడు, న్యాయవాది. ముసుగు ఆయనకు ఇష్టం లేదు. అయినా పిల్లల పక్షాన నిలబడ్డారు.

నిజంగా బలవంతం ఉన్న ఇల్లే అనుకొందాం. ముసుగుతో బడికి రావద్దంటే ఆ తండ్రి ఏం చేస్తాడు? ముసుగు తీయించి పంపుతాడా? చదువు మాన్పించి సంబంధాలు చూస్తాడా? పిల్లకు ఊపిరాడే చోటు బడి ఒక్కటే. అక్కడికి వచ్చిన పిల్లకు లెక్కలు వస్తాయి, స్నేహితులు వస్తారు, ఉద్యోగం వస్తుంది. ముసుగు ఉంచుకోవాలో తీయాలో తేల్చుకొనే ధైర్యమూ వస్తుంది. బలవంతం చేసేవాడు ఉంటే వాణ్ణి పట్టుకోవాలి గాని, బాధపడే పిల్లను శిక్షించడం ఏ ధర్మశాస్త్రంలో ఉన్నది?

బలవంతానికి రెండు ముఖాలున్నాయని ఇరాన్ చరిత్ర చెబుతుంది. 1936లో రెజా షా ముసుగులు తీసివేయాలని ఆజ్ఞాపించాడు. పోలీసులు వీధుల్లో లాగివేశారు. ఎందరో ఆడవాళ్ళు గడప దాటడం మానుకొన్నారు. 1979లో విప్లవం వచ్చింది. 1983 నాటికి ముసుగు లేకపోతే కొరడాదెబ్బలని చట్టమైంది. 2022 సెప్టెంబరులో ముసుగు సరిగా లేదని పట్టుకుపోయిన 22 ఏళ్ళ మహసా అమీనీ నిర్బంధంలోనే ప్రాణం కోల్పోయింది. తీయమన్నదీ కప్పమన్నదీ ఒకే తరహా ప్రభుత్వపు చెయ్యి. దేనినీ సమర్థించలేము.

మన పెద్దలు చూపిన దారి

ఘోషా అంటే తెలుగు పాఠకులకు కొత్త కాదు. మన సంస్థానాల్లో, పెద్ద కుటుంబాల్లో హిందూ స్త్రీలకూ ఉండేది. జబ్బు చేస్తే మగ డాక్టరుకు చెయ్యి చూపక ప్రాణాలు పోగొట్టుకొన్నవారెందరో. అప్పుడు ఘోషా మానితేనే మందు అనలేదు. 1885లో మద్రాసులో డాక్టర్ మేరీ షార్లీబ్ పూనికతో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి వెలసింది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని నేటికీ ఊరివారు ఘోషాసుపత్రి అనే అంటారు. ముందు ప్రాణం కాపాడారు. చదువూ, కాలమూ కలిసి తక్కిన పని చేశాయి. ఇప్పుడు ఆ ఇళ్ళ మనుమరాళ్ళే డాక్టర్లు.

మీ పిల్లలు చదివే బడిలో రేపెప్పుడైనా ఇటువంటి నిబంధన పెడదామన్న మాట తల్లిదండ్రుల సమావేశంలో వస్తే, దయచేసి ఊరుకోకండి. ఆ ముసుగువల్ల ఎవరి పాఠం ఆగిందో అడగండి. ఈ నిబంధనవల్ల ఎవరి పాఠం ఆగుతుందో కూడా అడగండి. మీ అమ్మాయి పక్కన కూర్చొనే ఆ పిల్ల సోమవారం నుంచి రాకపోతే, వచ్చే నష్టం ఆ ఒక్క ఇంటిదే కాదు.