వాన వెలిశాక దోమలెందుకు?

2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు హైదరాబాద్ పాతబస్తీలో ఉప్పుగూడ, దాని చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. అంత వరదలో దోమపిల్లలు కొట్టుకుపోవా? చాలావరకు పోతాయి. అసలు చిక్కు వాన వెలిశాకే. డాబా మీది పాత టైరులో, వాడకం ఆపేసిన కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు మిగులుతాయి. డెంగీని మోసే ఈడిస్ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది అలాంటి తేటనీటి దగ్గరే.

మరి డెంగీకీ పెరుగుతున్న వేడికీ సంబంధం ఏమిటి? డెంగీ రోగిని కుట్టిన వెంటనే దోమ ఇంకొకరికి జబ్బు అంటించలేదు. వైరస్ ముందు దాని పొట్టలో పెరగాలి, తర్వాత లాలాజల గ్రంథులకు చేరాలి. 25 డిగ్రీల దగ్గర ఇందుకు సుమారు 2 వారాలు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర వారం చాలు. ఆడదోమ బతికేదే కొన్ని వారాలు! వైరస్ తొందరగా సిద్ధమైతే, చచ్చేలోపు ఆ దోమ మరింతమందిని కుట్టి జబ్బు పంచుతుంది. భూమి వేడెక్కడంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ లెక్కే. పైగా వేడిగాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, అందుకే కుండపోతలూ పెరుగుతున్నాయి.

అయితే మన మే నెల మండుటెండ దోమకూ పడదు, దాని ఆయుష్షు తగ్గుతుంది. గుడ్లు మాత్రం డ్రమ్ము లోపలి గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, ఆ గోడను బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగాలి.