నొక్కితే నలుపు రాదమ్మా!

ఏనుగు బొమ్మ వేస్తున్నావా అమ్మలూ? తొండం భలే కుదిరింది. పొట్ట కింద నీడ నల్లగా రావాలని నొక్కేశావు చూడు, అక్కడే వచ్చింది చిక్కు. కాగితం తిప్పి తడిమితే గీతలన్నీ వెనక ఉబ్బి తగులుతున్నాయి. ముందువైపు లైటు కింద కాస్త ఏటవాలుగా పట్టుకో. నలుపెక్కడ? తళతళా మెరుపు!

పెన్సిల్ ముల్లులో ఉన్నది గ్రాఫైటు. నోట్లో పెట్టుకుంటే సీసం విషమని మీ అమ్మ అరుస్తుంది గానీ, అందులో సీసం లేదు. (అలాగని నమలమనడం లేదు సుమా!) అది వట్టి కార్బన్. వజ్రమూ కార్బనే. అయితే గ్రాఫైటులో ఆ పరమాణువులు ఆరు మూలల గళ్లుగా అల్లుకుని పొరలు పొరలుగా ఉంటాయి. పొరలోపల పట్టు మహా గట్టిది. పొరకీ పొరకీ మధ్య మాత్రం అంతంతమాత్రం. పూతరేకుల దొంతరని పక్కకి తోస్తే పైవి జారిపోవూ, అలాగ. కాగితమేమో పైకి నున్నగా ఉన్నా, భూతద్దం కింద అంతా నారే. ఆ నార ముల్లుని గీరి పొరల్ని పట్టుకుంటుంది. గాజు పలక మీద పెన్సిల్ ఎందుకు రాయదో ఇప్పుడు నువ్వే చెప్పు.

నువ్వు నొక్కేసరికి ఆ నార అణిగిపోయింది, పొరలన్నీ చదునుగా పడుకున్నాయి. చదునైన చోట వెలుగు ఒకే వైపుకి తిరిగి కొడుతుంది. అదీ మెరుపు.

నల్లగా రావాలంటే పెన్సిల్ మార్చాలి. పెన్సిళ్లలో ఇన్ని రకాలు యుద్ధం పుణ్యమా అని వచ్చాయి. మేలైన గ్రాఫైటు ఇంగ్లండులో బారోడేల్ గనిది. ఫ్రాన్సుతో యుద్ధమొచ్చి అక్కడికి సరుకు ఆగిపోయింది. అప్పుడు నికొలా జాక్ కోంతే అనే ఫ్రెంచాయన నాసిరకం గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి, పుల్లలు చేసి బట్టీలో కాల్చాడు. 1795లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే ముల్లు గట్టిపడి గీత లేతగా పడుతుంది, తగ్గితే మెత్తబడి నల్లగా పడుతుంది. పెన్సిల్ మీది హెచ్‌, బీల లెక్క అదే. నీది హెచ్‌బీ, నడిమి రకం.

ఏనుగు అంచులకి 2హెచ్, ఒంటికి 2బీ, చెవి వెనక నీడకి 6బీ తీసుకో. ముల్లు వాల్చి తేలిగ్గా వరస మీద వరస రుద్దు. చేతికింద చిత్తుకాగితం వేసుకో, లేదంటే బొమ్మంతా అలికేస్తావు. ఇంత చేసినా 6బీ కూడా కాస్త మెరుస్తుంది. అచ్చమైన నలుపుకి ఆర్టిస్టులు చార్‌కోల్ వాడతారు. అది మాత్రం వరండాలోనే వెయ్యి. గోడలకి అంటిందంటే మీ నానమ్మ తిట్లు నాకే!