లోపలికి రానిచ్చి బయటికి పంపే కంప్యూటర్

పాస్‌వర్డ్ కొడతాం. అది సరైనదే, కంప్యూటర్ కూడా ఒప్పుకుంటుంది. 'లోడింగ్ యువర్ పర్సనల్ సెట్టింగ్స్' అని చూపిస్తుంది. వెంటనే 'సేవింగ్ యువర్ సెట్టింగ్స్' అంటూ మళ్ళీ మొదటి స్క్రీన్ దగ్గరికే తెచ్చి నిలబెడుతుంది. ఎన్నిసార్లు కొట్టినా ఇదే వరస. ఇంట్లో పాత విండోస్ ఎక్స్‌పీ ఉన్నవాళ్ళలో కొందరైనా ఈ తంతు చూసే ఉంటారు. చుట్టుపక్కల దొరికే సలహా మాత్రం ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్". ఆ మాట వినేముందు ఇది చదవండి.

అసలు లోపల ఏం జరుగుతోంది? గుమ్మం దగ్గర మనల్ని చూసుకునే ప్రోగ్రామ్ పేరు విన్‌లాగాన్. పాస్‌వర్డ్ సరిపోయిందని తేలాక అది తనంతట తాను డెస్క్‌టాప్ తెరవదు. రిజిస్ట్రీలో 'యూజర్‌ఇనిట్' అనే విలువ ఉంటుంది. అందులో ఏ ప్రోగ్రామ్ పేరు రాసుంటే దాన్ని నడుపుతుంది. మామూలుగా అక్కడ ఉండేది సిస్టమ్32 ఫోల్డర్‌లోని యూజర్‌ఇనిట్ ఎగ్జీ ఫైల్. లాగాన్ స్క్రిప్టులు, నెట్‌వర్క్ కనెక్షన్లు ఇది చూసుకుని, ఎక్స్‌ప్లోరర్‌ని లేపి తను తప్పుకుంటుంది. మనకు కనబడే టాస్క్‌బార్, ఐకాన్లు అన్నీ ఆ ఎక్స్‌ప్లోరర్‌వే. మరి రాసున్న పేరుతో ఫైలే లేకపోతే? లోపలికి తీసుకెళ్ళే మనిషి లేడు కాబట్టి విన్‌లాగాన్ మనల్ని లాగాఫ్ చేసేస్తుంది. పెళ్ళింట్లో గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, వడ్డించేవాళ్ళు లేరని వెనక్కి పంపినట్టు.

వైరస్‌లు రాసేవాళ్ళకి ఈ చోటంటే మహా ఇష్టం. ఎవరు లాగిన్ అయినా ముందు నడిచేది అదే కదా. పైగా ఆ విలువ చివర ఒక కామా ఉంటుంది. కామా తర్వాత ఇంకో ప్రోగ్రామ్ పేరు రాస్తే అదీ నడుస్తుంది. బ్యాంకు పాస్‌వర్డులు కాజేసిన జ్యూస్ ట్రోజన్ ఇలాగే కామా పక్కన చేరింది. ఇలా పక్కన చేరినదాన్ని తీసేస్తే నష్టం లేదు, అసలు యూజర్‌ఇనిట్ ఎలాగూ నడుస్తుంది. చిక్కంతా అసలు పేరు చెరిపేసి తన పేరు రాసుకునే రకంతోనే. ఎక్స్‌పీ రోజుల్లో డబ్ల్యూఎస్ఏ అప్‌డేటర్ అనే ఫైల్ అలా చేసేది. స్పైవేర్ తీసే సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్‌ని తుడిచేస్తుంది, రిజిస్ట్రీలో పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. అంటే రోగం పోయాకే మంచం పట్టడం. దానికి అప్పట్లో ఒక తమాషా వైద్యం ఉండేది. ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోల్‌లోకి వెళ్ళి, మంచి యూజర్‌ఇనిట్ ఫైల్‌కే ఆ దొంగ పేరుతో ఇంకో కాపీ తీయడం. విండోస్ దొంగ పేరు పిలుస్తుంది, మంచివాడు పలుకుతాడు. లోపలికి వెళ్ళాక తీరిగ్గా రిజిస్ట్రీ సరిచేసుకోవచ్చు. కాకపోతే ఆ పేరేమిటో మనకు తెలిసుండాలి.

మా ఇంట్లో కంప్యూటర్‌కి వచ్చినప్పుడు ఆ పేరు తెలియదు. అమ్మ డీటీపీ చేసిన రోజులనాటి పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి. నానమ్మ పాడుతుంటే అమ్మ పక్కన కూర్చుని టైప్ చేసిన పెళ్ళిపాటలు, దంపుళ్ళపాటలు వంద పైచిలుకు అందులో ఉన్నాయి. నానమ్మ ఇప్పుడు లేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, వేరేచోట తెరిస్తే పిచ్చిగీతలే. అందుకని అవి ఆ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోలేదు. రిపేరు షాపతను చూసి, "ఫార్మాట్ కొట్టాలమ్మా, డేటాకి గ్యారంటీ లేదు" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా సీపీయూ ఆటోలో పెట్టించుకుని ఇంటికి తెచ్చేసింది.

మొదట చూడాల్సింది, ఇది ఒక్క యూజర్‌కేనా, అందరికీనా అని. ఒక్కరికే అయితే ఆ ప్రొఫైల్ పాడై ఉండొచ్చు, అది వేరే కథ. అడ్మినిస్ట్రేటర్‌కీ, సేఫ్ మోడ్‌లోనూ ఇదే జరిగితే అనుమానం నేరుగా యూజర్‌ఇనిట్ మీదికే పోవాలి. మా ఇంట్లో అందరికీ అదే గతి.

హార్డ్‌డిస్క్ విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, వేరే ఏ పనీ మొదలుపెట్టకుండా అమ్మ డాక్యుమెంట్లూ, ఫాంట్లూ కాపీ చేశాను. సగం ప్రాణం అప్పుడే తిరిగొచ్చింది. సిస్టమ్32లో యూజర్‌ఇనిట్ ఫైల్ భద్రంగానే ఉంది. అంటే తప్పు రిజిస్ట్రీలోదే. ల్యాప్‌టాప్‌లో రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్ మీద నొక్కి, ఫైల్ మెనూలో 'లోడ్ హైవ్' ద్వారా ఆ పాత డిస్క్‌లో సిస్టమ్32, కాన్ఫిగ్ లోపలున్న 'సాఫ్ట్‌వేర్' అనే ఫైల్‌ని ఎక్కించాలి. ముందు దానికో కాపీ తీసి పెట్టుకోండి. పేరు అడిగితే 'ఇల్లు' అని పెట్టాను. పేరు విడిగా ఉండటం మంచిది, లేకపోతే పొరపాటున సొంత ల్యాప్‌టాప్ రిజిస్ట్రీలో వేలు పెడతాం. అక్కడి నుంచి మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వర్షన్, విన్‌లాగాన్.

యూజర్‌ఇనిట్ ఎదురుగా టెంప్ ఫోల్డర్‌లోని ఏదో ఫైల్ పేరు ఉంది. ఆ ఫైల్ మాత్రం లేదు, ఇంట్లో యాంటీవైరస్ ఎప్పుడో తుడిచేసింది. దాని స్థానంలో సిస్టమ్32లోని యూజర్‌ఇనిట్ పూర్తి దారి, చివర కామాతో రాశాను. ఒక్క జాగ్రత్త: ల్యాప్‌టాప్‌లో ఆ డిస్క్ 'ఎఫ్' అని కనబడుతుంది, అయినా రాయాల్సింది 'సి' అనే. ఇంట్లో బూట్ అయ్యేటప్పుడు అది సి డ్రైవే కదా. తర్వాత 'అన్‌లోడ్ హైవ్' చేసి డిస్క్ తీసేయాలి.

విండోస్ 10, 11లో కూడా ఈ విలువ అక్కడే ఉంది. హార్డ్‌డిస్క్‌ని కొత్తదానిలోకి క్లోన్ చేసినప్పుడు డ్రైవ్ అక్షరం మారిపోయినా ఇదే లక్షణం కనబడొచ్చు. పేరు సరైనదే, దారి తప్పు. లాగిన్ అయ్యి, ఐకాన్లు లేకుండా ఖాళీ తెర మాత్రమే వస్తే దాని పక్కనే ఉన్న 'షెల్' విలువ చూడండి, అక్కడ ఎక్స్‌ప్లోరర్ ఎగ్జీ అని ఉండాలి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది కాబట్టి ఆ కంప్యూటర్‌కి ఇప్పుడు ఇంటర్నెట్ వైరు పీకేశాం. పాటలన్నీ కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఒత్తులు అక్కడక్కడా చెదిరిపోతున్నాయి, కొన్ని మాటలు అమ్మని అడిగితే గానీ తేలడం లేదు. ప్రూఫ్ చూడ్డానికి తీరిక ఉన్నవాళ్ళు సాయంత్రం క్లబ్ రూమ్‌కి రండి, ఇంకా అరవై పాటలున్నాయి.