స్పెల్లింగ్ బీలో ఈగ ఎక్కడిది?

ఇంగ్లీషులో ‘బీ’ అంటే తేనెటీగ అని బాలవాడి పిల్లలకు కూడా ఎరుకే. మరి బడిలో పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఒక మాట ఇచ్చి, దాన్ని అక్షరం అక్షరం చెప్పించే పోటీని ‘స్పెల్లింగ్ బీ’ అంటారు కదా. అక్కడ ఈగకు ఏం పని? మా మనవరాలు ఇంగ్లీషు మీడియం. ఆ పోటీకి పేరిచ్చి వచ్చి నన్నే అడిగింది. తెలుగు బడిలో నాలుగు క్లాసులు చదివి మగ్గం కాడికి పోయినోణ్ని నేను. అయినా మాటల పుట్టుక అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. చదువుకున్నోళ్లతో డిక్షనరీ చదివించుకుని తెలుసుకున్న ముచ్చట ఇది.

ముందు నిజం ఈగ సంగతి. తీరిక లేకుండా పనిచేసే మనిషిని ఇంగ్లీషులో ‘బిజీ బీ’ అంటారు. పొగడ్తే. కానీ పొగిడేది ఎవరు? తేనె తినేటోడు. తుట్టెలో పనిచేసేవన్నీ ఆడ ఈగలే. పూలు బాగా పూసే రోజుల్లో ఒక్కో ఈగ బతికేది ఐదారు వారాలు, అది చేసే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు. మన వేమన ఇదే ఈగను పిసినారికి చూపించి, దాచిందంతా దారిన పోయేటోడి పాలయిందని చెప్పాడు. నాకు మాత్రం పిసినారి కన్నా ముందు మన కార్ఖానాలు గుర్తుకొస్తాయి. నలభై ఏండ్లు చాదర్లు నేసిన. మా ఇంట్లో కప్పుకునేవి రెండు.

మగ ఈగ పేరు ‘డ్రోన్’. దానికి కొండి లేదు, పూల మీదికి పోయి తేనె తేదు, తుట్టెలోది తిని బతుకుతుంది. అందుకని సోమరిని డ్రోన్ అన్నారు. ఇప్పుడు పెళ్లిళ్లలో మన నెత్తి మీద తిరిగి ఫోటోలు తీసేదాని పేరూ అదే. 1935లో ఇంగ్లండువాళ్లు లోపల మనిషి లేకుండా ఎగిరే విమానం చేసి ‘క్వీన్ బీ’ అని పేరు పెట్టారు. ఆ రాణి వెంబడి వచ్చిన పేరే ఇది అంటారు. ఇక తలలో ఒకటే ఆలోచన గుయ్యిమంటుంటే వాళ్లు టోపీలో ఈగ దూరిందంటారు, మనం బుర్రలో పురుగు తొలుస్తున్నదంటాం.

మన చుట్టూ కూడా ఈ మాటలు తక్కువ లేవు. తేనెతుట్టెను కదిలించొద్దని మనం అంటే, మరాఠీవాళ్లకు ఆ తుట్టే ‘మోహోళ్’. మన జిల్లాలో ఆ పేరుతో ఊరే ఉన్నది. ఆశ చూపి ఊరుకోబెట్టడాన్ని వాళ్లు ‘మధాచే బోట్’ అంటారు, అంటే నోటికి తేనె వేలు రాయడం. బోనస్ మాట వచ్చినప్పుడల్లా ఈ మాట వినని కార్మికుడు షోలాపురంలో ఉండడు. ఇంకొకటి మన చేతిలోనే ఉన్నది, హనీకోంబ్ టవల్. పడుగు, పేక ఒకచోట తేలి ఒకచోట మునిగి గుంటలు గుంటలుగా వస్తుంది. ఆ గుంటలే నీళ్లు పీల్చేది. ఈగ కట్టే గదికి ఆరు మూలలు, మన టవల్ గదికి నాలుగే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమెరికాలో ‘బీ’ అంటే ఇంకో అర్థం ఉన్నది. ఒక ఇంటి పనికి ఇరుగుపొరుగు అంతా కూడి చేసి పెట్టడం. బొంతలు కుట్టే బీ, మక్క కంకుల పొట్టు వొలిచే బీ, ఇట్లా. పిల్లలు కూడి అక్షరాలు చెప్పేది గనక స్పెల్లింగ్ బీ అయింది.

అచ్చులో ఈ మాట మొదట కనబడింది దేనికో తెలుసా? నూలు వడకడానికి! 1769లో బోస్టన్ పత్రికలో, ఒక ఇంట్లో ఇరవై మంది ఆడపిల్లలు కూడి నూలు వడికారని వార్త. పల్లెల్లో దీన్ని బీ అంటారని అందులోనే రాశారు. అప్పటికి అమెరికా కూడా ఇంగ్లీషోళ్ల కిందనే ఉన్నది. పన్నులు వేసినందుకు అక్కడి జనం ఇంగ్లండు సరుకు కొనమని పట్టుబట్టారు. ఆడవాళ్లు రాట్నాలు పట్టుకొని ఒకచోట చేరి, పొద్దుగూకేదాకా వడికేవాళ్లు. గాంధీ రాట్నం చేతబట్టడానికి నూటయాభై ఏండ్ల ముందటి మాట ఇది. ఆ గాంధీని 1930లో పట్టుకున్నందుకే మన షోలాపురం లేచి, మార్షల్ లా చూసి, 1931 జనవరి 12న నలుగురిని ఉరికి ఇచ్చుకున్నది.

ఈగలు గుంపుగా పనిచేస్తాయి గనక ఈ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. డిక్షనరీ రాసేవాళ్లు అట్ల కాదంటారు. ఇంగ్లండు పల్లెల్లో ‘బీన్’ అనే పాత మాట ఉండేదట, పొరుగువాళ్లు వచ్చి చేసే సాయం అని. దాని వేరు ‘వేడుకోలు’ అనే ఇంకా పాత మాటలో ఉన్నది. చెవికి ఒకే తీరు వినబడేసరికి ఈగ వచ్చి అందులో కూర్చున్నది.

స్పెల్లింగ్ బీ అమెరికా దేశం మొత్తానికి కలిపి 1925లో వాషింగ్టన్‌లో మొదలైంది. 2024లో గెలిచిన బృహత్ సోమ మన తెలుగు పిల్లవాడు, అప్పటికి పన్నెండేండ్లవాడు. చివరి పంతంలో 90 సెకండ్లలో 29 మాటలు తప్పు లేకుండా చెప్పాడు. వాళ్ల పెద్దలది నల్లగొండ వైపు.

మనవరాలికి ఇదంతా చెప్తే, మన దగ్గర అట్లాంటిది ఉండేదా తాతా అన్నది. ఉండకపోవడమేంది! మా నాయన కాలంలో జోడ్‌భావి పేటలో చేమగ్గాలు. తెల్లారగట్ల, ఎండ ఎక్కకముందే పడుగును గల్లీ పొడుగునా సాపి గంజి పట్టించాలె. గంజి ఆరేలోపల కుంచె ఆడాలె, తెగిన పోగు అతకాలె. ఒక్క ఇంటోళ్లతో అయ్యేది కాదు. చుట్టుపక్కలోళ్లు వచ్చి చెయ్యేసేది. కూలి మాటే లేదు, వాళ్ల పడుగు నాడు మనం పోవాలె, అంతే. పోకపోతే మళ్లా మన గడప తొక్కేటోడు ఉండడు. ఆడోళ్లు ఒక్క అరుగు మీద కూర్చొని బీడీలు చేస్తారే, అది దీని కిందికి రాదు. అక్కడ ఎవరి వెయ్యి వాళ్లదే.

ఈ సాయాన్ని మా ఇంట్లో ‘బదులు’ అనేది. పడుగుకు బదులు పోయిండు, బదులు తీర్చిండు, ఇట్లా. వేరే గల్లీల్లో, భివండీ, సూరత్ పోయిన మనోళ్లలో ఇంకేమైనా మాట ఉండేదేమో. మీ ఇంట్లో ముసలోళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే పత్రికకు రాసి పంపండి.